అడగాల్సిన చోట అడగడం: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్ళ కోసం

వీధి చివర దీపం వెలగదు. రేషను బియ్యం తూస్తే కిలో తక్కువ. పక్కింటి ట్యాంకు నీళ్ళు మన గోడలోకి దిగుతున్నాయి. కరెంటు బిల్లు ఉన్నట్టుండి రెట్టింపొచ్చింది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, మల్కనగిరి పట్టణాల్లోనూ వాటి చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉండే తెలుగువాళ్ళు ఇలాంటివెన్నో ఓర్చుకుంటూ బతికేస్తున్నారు. ఓర్చుకోవడం ఎక్కడైనా ఉంది. ఇక్కడ మాత్రం దానికి రెండు కారణాలు తోడయ్యాయి. ఒడియా మన నోట్లో ఆడుతుంది గానీ చాలామందికి కాగితం మీద ఆడదు. పైగా, "వాళ్ళ రాష్ట్రంలో ఉంటున్నాం, మనకెందుకొచ్చిన గొడవ" అన్న బెరుకు.

ఆ బెరుకుకు అర్థం లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేనాటికే ఈ ఊళ్ళలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇంటిపన్ను, కరెంటు బిల్లు అందరిలాగే కడుతున్నాం. ఇక భాష ఇబ్బంది నిజమే, దానికి మార్గం ఉంది. గొంతు పెంచక్కర్లేకుండా, ఎవరినీ బతిమాలక్కర్లేకుండా, సరైన మనిషికి సరైన వివరం చెప్పి, చెప్పినట్టు రుజువు దగ్గర పెట్టుకోవడమే ఆ పద్ధతి.

ముందు ఇరుగుపొరుగుతో

ఆఫీసులకంటే ముందు గోడ అవతలి సంగతి చూద్దాం. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఆరు నెలలు పళ్ళు బిగబట్టి ఊరుకుంటారు. ఒకరోజు కుళాయి దగ్గరో పెళ్ళి పందిట్లోనో పదిమందిలో ఒక్కసారిగా కక్కేస్తారు. అవతలివాళ్ళకు అప్పటిదాకా అదొక ఇబ్బందనే తెలియదు. తెలిసేసరికి పదిమందిలో తలకొట్టేసినట్టవుతుంది. ఇక పైపు గురించి మాట్లాడేవాళ్ళుండరు, పరువు గురించే మాట్లాడతారు.

రెండోసారి జరిగినప్పుడే చెప్పండి. మొదటిసారి పొరపాటు అనుకోవచ్చు. రెండోసారి కూడా ఊరుకుంటే అలవాటవుతుంది, ఏడాది గడిస్తే "ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడేమొచ్చింది" అంటారు. పొద్దుటి హడావిడిలో వద్దు, వాళ్ళింట్లో చుట్టాలున్నప్పుడు వద్దు. సాయంత్రం పూట ఒక్కరే వెళ్ళి, వాళ్ళ గుమ్మంలోనే మాట్లాడండి. ఏం జరుగుతోంది, మనకేం నష్టం, వాళ్ళేం చేయాలి, ఎప్పటికి చేయాలి. ఈ నాలుగూ చాలు.

"పిన్నీ, మీ ట్యాంకు నిండాక పొర్లే నీళ్ళు మా వెనక గోడ మీద పడుతున్నాయి. లోపల గదిలో సున్నం పెచ్చులూడిపోతోంది. ఆ పైపు చివర ఎల్బో ఒకటి పెట్టించి మీ పెరటి కాలవలోకి తిప్పిస్తే సరిపోద్ది. ఆదివారం ప్లంబరును నేను పిలవనా?"

ఇందులో "మీరెప్పుడూ ఇంతే" లేదు. పాత గొడవలు లేవు. చేయాల్సిన పని చిన్నదిగా, కంటికి కనిపించేలా ఉంది, రోజు కూడా ఉంది. ఎల్బో డబ్బులు మనమే పెట్టుకున్నా నష్టం లేదు, గోడకు మళ్ళీ సున్నం వేయించడం దానికి ఎన్నో రెట్లవుతుంది. రోజు అడగకుండా వచ్చేస్తే మాత్రం "చూద్దాంలే" అన్న జవాబుతో పని అక్కడే ఆగిపోతుంది.

పలకకపోతే ఇద్దరికీ కావలసిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని మరోసారి వెళ్ళండి. అప్పటికీ కాకపోతే కాగితం. అందరూ నడిచే దారికో వీధి కాలవకో అడ్డం కట్టేశారనుకోండి, అది ఇద్దరి మధ్య తగాదా కాదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కింద సబ్‌-కలెక్టరుకు అర్జీ ఇస్తే, మేజిస్ట్రేటు హోదాలో ఆయన ఆ అడ్డు తీయించమని ఆదేశించవచ్చు. రాత్రి 10 నుంచి పొద్దున్న 6 వరకు బహిరంగంగా మైకులు, లౌడ్‌స్పీకర్లు మోగించకూడదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన. దానికి 112కి ఫోను చేస్తే చాలు.

ఇది ఎవరి పని?

అర్జీలు బుట్టదాఖలు కావడానికి మొదటి కారణం తప్పు గుమ్మం తొక్కడం. స్తంభం ఒకటే, దాని మీద ఇద్దరు యజమానులుంటారు. దీపం వెలగకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ చూడాలి. తీగ వేలాడినా, స్తంభం ఒరిగినా, ట్రాన్స్‌ఫార్మరు నిప్పులు చిమ్మినా కరెంటు కంపెనీ చూడాలి. దక్షిణ ఒడిశా జిల్లాల్లో అది 2021 జనవరి నుంచి టీపీఎస్ఓడీఎల్. పాతవాళ్ళు ఇప్పటికీ సౌత్‌కో అంటారు. కరెంటు ఫిర్యాదుకు 1912. ఫోను పెట్టేసేముందు ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. స్తంభం మీద రంగుతో రాసిన నంబరు చెప్పారంటే లైన్‌మ్యాను నేరుగా అక్కడికే వస్తాడు. "రామాలయం పక్క వీధి" అంటే ఊళ్ళో రామాలయాలు ఎన్నుంటాయో ఆలోచించండి.

ఇచ్ఛాపురం దాటి బరంపురం, ఛత్రపురం మీదుగా వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారి మీద గోతులున్నా, రోడ్డు మీద నీళ్ళు నిలిచినా 1033. రైల్లోనూ స్టేషన్లోనూ అయితే 139. ఊరికి వెళ్ళే గ్రామ సడక్ యోజన రోడ్డు మొదట్లో బోర్డు ఉంటుంది, పని పేరు, ఖర్చు, కాంట్రాక్టరు వివరాలు దాని మీదే ఉంటాయి. పూర్తయిన ఐదేళ్ళ వరకు ఆ రోడ్డు మరమ్మతు కాంట్రాక్టరు బాధ్యతే. కాబట్టి బోర్డు ఫొటో, గొయ్యి ఫొటో రెండూ తీసి "మేరీ సడక్" యాప్‌లో పెట్టండి. "నిధులు లేవు" అన్న జవాబు ఆ ఐదేళ్ళలో చెల్లదు.

ఊళ్ళో బోరింగు పాడైతే పంచాయతీ పరిధిలో పంపులు బాగుచేసే మెకానిక్కు ఉంటాడు, ఆఫీసు భాషలో సెమ్ అంటారు. "బోరింగు పాడైంది" అని చెబితే ఒకసారి చూడ్డానికి వస్తాడు, సామాను కోసం వెనక్కి వెళ్తాడు, మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు. లక్షణం చెప్పండి. హ్యాండిలు బరువు లేకుండా ఊగిపోతూ చుక్క నీళ్ళు రాకపోతే లోపల రాడ్డు ఊడి ఉంటుంది. పదీ ఇరవై సార్లు కొట్టాక గాని నీళ్ళు రాకపోతే అడుగు వాల్వు కారుతోంది, లేదా వాషర్లు అరిగాయి. నీళ్ళు వస్తూనే హ్యాండిలు కిర్రుమంటూ పక్కలకు కదిలితే పైన బేరింగు పోయింది. ఈ ఒక్క ముక్కతో సరైన సామానుతో ఒకేసారి వస్తాడు. ఆఫీసుల్లో కూడా ఇంతే. ఎంత గట్టిగా అడిగామన్నది కాదు, ఎంత వివరంగా అడిగామన్నదే పనిచేస్తుంది.

రేషను దుకాణం

ఆహార భద్రత చట్టం ప్రకారం అంత్యోదయ కార్డుకు నెలకు 35 కిలోలు, మామూలు కార్డుకు మనిషికి 5 కిలోలు. 2023 జనవరి నుంచి దీనికి పైసా కట్టక్కర్లేదు. నలుగురున్న ఇంటికి 20 కిలోలు రావాలి. కిలో తగ్గితే "పోనీలే కిలోయేగా" అంటాం. 300 కార్డులున్న దుకాణంలో కార్డుకు కిలో చొప్పున లెక్కేయండి, నెలకు 300 కిలోలు, అంటే ఆరు బస్తాలు.

కోత ఎక్కువగా మూడు చోట్ల జరుగుతుంది. డబ్బానో గోనెసంచినో కాటా మీద పెట్టి, దాని బరువు తీయకుండా తూస్తారు. "బస్తాలోనే తరుగొచ్చింది" అని చెప్పి కోస్తారు. లేదా ముందు మెషిను మీద వేలు పెట్టించుకుని, "బియ్యానికి రేపు రా" అంటారు. మూడోది అన్నిటికంటే ప్రమాదం. వేలు పడి చీటీ వచ్చిందంటే ప్రభుత్వ లెక్కలో ఆ బియ్యం మీ ఇంటికి చేరిపోయినట్టే. వేలు పెట్టాక బియ్యం చేతిలోకి రాకుండా దుకాణం దిగొద్దు.

తూకం వేయించుకునేటప్పుడు, ఏమీ పెట్టకముందు కాటాలో సున్నా ఉందో లేదో చూడండి. మీ ఖాళీ సంచి పెట్టించి "టేర్" నొక్కమనండి, మళ్ళీ సున్నా చూపించాలి. కాటా మీదే అనుమానముంటే ఇంటి నుంచి సీలు విప్పని కిలో ఉప్పు ప్యాకెట్లు రెండు తీసుకెళ్ళి పెట్టి చూడండి. ప్యాకెట్టు మీద రాసేది లోపలి సరుకు బరువు కాబట్టి, కవరు బరువుతో కలిపి రెండు కిలోల మీద కొన్ని గ్రాములు ఎక్కువే చూపించాలి. రెండు కిలోల పావు చూపిస్తే ప్రతి తూకంలోనూ మనకు తక్కువ పడుతోందని అర్థం. తూనికలు కొలతల శాఖ ముద్ర కాటా మీద ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి అది కొత్తగా వేయించాలి.

తక్కువొస్తే అక్కడే, ఆ కాటా మీదే మళ్ళీ తూయించండి. ఇంటికెళ్ళి తూచి వెనక్కొస్తే "దారిలో తీసుకున్నారేమో" అంటాడు డీలరు, దానికి మన దగ్గర జవాబుండదు. రెండోసారీ తక్కువే ఉంటే కాటా అంకె, చీటీ రెండూ ఒకే ఫొటోలో వచ్చేలా తీసి, 1967కి ఫోను చేయండి. బ్లాకులో మార్కెటింగ్ ఇన్‌స్పెక్టరుకు, జిల్లాలో సివిల్ సప్లయిస్ ఆఫీసరుకు అర్జీ కూడా ఇవ్వండి. ఒక్కరే వెళ్తే వచ్చే నెల "సర్వరు పనిచేయట్లేదు" అని తిప్పుతాడన్న భయం ఉత్తది కాదు. అందుకే కనీసం ఐదు కార్డులవాళ్ళు కలిసి, ఒకే నెల చీటీలు జతచేసి ఒకే అర్జీ పెట్టండి. మిషన్ శక్తి మహిళా సంఘంలో ఈ మాట ముందు పెడితే ఐదుగురు దొరకడం కష్టం కాదు.

కిరాణా కొట్లో ఎమ్మార్పీ మీద "కూలింగ్ చార్జీ" అంటూ రెండు రూపాయలు ఎక్కువ అడగడం కూడా తప్పే. ఇవ్వక్కర్లేదు.

కరెంటు బిల్లు

బిల్లు ఎక్కువొచ్చిందని కౌంటరు దగ్గర వాదిస్తే ఏమీ కాదు. అక్కడ కూర్చున్న మనిషికి తగ్గించే అధికారం లేదు. ముందు ఇంట్లోనే మీటరు దగ్గరకు వెళ్ళండి. దాని తెర మీద అంకెలు మారుతూ ఉంటాయి. పక్కన కేడబ్ల్యూహెచ్ అని పడినప్పుడు కనిపించేదే యూనిట్లు, దాన్నే ఫొటో తీయండి. మీటరు నంబరు కూడా ఫొటోలో పడాలి. బిల్లులో రాసిన మీటరు నంబరు, ఈ నంబరు ఒకటేనా? పక్క వాటా మీటరుతో తారుమారు కావడం అద్దె ఇళ్ళలో అరుదేం కాదు. తర్వాత బిల్లులోని రీడింగు, మీటరులోని రీడింగు పోల్చండి. మీటరులో ఉన్నదే తక్కువైతే రాసుకున్నవాళ్ళ తప్పు. రెండూ సరిపోతే, ముందు నెలల్లో తలుపు తాళం వేసి ఉందని సగటు బిల్లు వేసి ఇప్పుడు ఒక్కసారిగా అసలు లెక్క కట్టారేమో పాత బిల్లులు చూడండి. అదీ కాకపోతే మీటరు పరీక్ష కోరుతూ సబ్-డివిజన్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి.

ఈలోగా కట్టకపోతే లైను కోసేస్తారని చాలామంది తప్పు బిల్లే కట్టేసి ఊరుకుంటారు. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షను చదివితే ఆ భయం పోతుంది. పదిహేను రోజులు పూర్తిగా గడువిస్తూ రాతపూర్వక నోటీసు ఇవ్వనిదే బాకీ పేరుతో కనెక్షన్ తీయకూడదు. బిల్లు మీద తగాదా నడుస్తుంటే, అడిగిన మొత్తం గానీ గత ఆరు నెలల సగటు గానీ, ఏది తక్కువైతే అది, "అభ్యంతరంతో కడుతున్నాను" అని రాసి కడితే తగాదా తేలేవరకు లైను కోయకూడదు. ఆ మాట రాయకుండా కడితే ఒప్పుకున్నట్టు చదువుకునే వీలుంది. కంపెనీ పట్టించుకోకపోతే ఫిర్యాదుల పరిష్కార ఫోరం ఉంది, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్. ఇవి రెండూ అదే చట్టం 42వ సెక్షను కింద ఏర్పడినవి.

అర్జీ ఏ భాషలో రాయాలి?

రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఏ పౌరుడైనా తన ఇబ్బంది తీర్చమని, కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి విన్నపం ఇచ్చుకోవచ్చు. కాబట్టి "తెలుగులో రాస్తే తీసుకోం" అనే హక్కు గుమాస్తాకు లేదు. జవాబు తెలుగులోనే రావాలని మాత్రం అందులో లేదు. పని త్వరగా కావాలంటే ఒక పేజీలో తెలుగులో రాసి, వెనక ఒడియాలో అదే విషయం జతచేయండి. ఒడియా బడిలో తొమ్మిదో పదో చదివే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ళు రాసిపెడతారు. రాశాక పైకి చదివించుకుని వినండి. ఎక్కువగా తప్పులు దొర్లేది అంకెల్లో. ఒడియా నాలుగు మన కంటికి ఎనిమిదిలా కనిపిస్తుంది. పాత పట్టా కాగితం చూసి ఖాతా నంబరు, ప్లాటు నంబరు ఎత్తిరాసేటప్పుడు ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఆ తర్వాత అర్జీ వేరొకరి భూమి మీదికి పోతుంది. అంకెలన్నీ 1, 2, 3 అనే రాయండి, రెండు ప్రతుల్లోనూ అవే ఉండాలి.

ఒక అర్జీలో ఒకే సంగతి. కాలవ, దీపం, కుక్కలు, పింఛను అన్నీ ఒకే కాగితంలో పెడితే నాలుగు విభాగాల్లో ఎవరూ తమదనుకోరు. నమూనా ఇది:

తేదీ: ...
ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ గారికి, ... మునిసిపాలిటీ
విషయం: ... వార్డు, ... వీధి, స్తంభం నం. ... మీద వీధి దీపం వెలగకపోవడం
అయ్యా, పై స్తంభం మీది దీపం ... తేదీ నుంచి వెలగడం లేదు. అదే చోట కాలవ మీద పలక విరిగి ఉంది, చీకట్లో ... తేదీన ఒకరు పడ్డారు. ... తేదీన ఫోనులో చెప్పాం, ఫిర్యాదు నం. .... ఈ దీపం ... తేదీలోగా వెలిగించవలసిందిగా కోరుతున్నాం. ఫొటోలు రెండు జతచేశాం.
పేరు, చిరునామా, ఫోను, సంతకం

"ఎంతోకాలంగా", "తీవ్ర ఇబ్బంది", "తగు చర్య" లాంటి మాటలు తీసేయండి. ఎంతోకాలం అంటే అధికారికి ఏ తేదీ తెలియదు, తగు చర్య అంటే ఏ పనీ చేయకుండానే "తీసుకున్నాం" అని రాసేయొచ్చు. కోరేది ఒక్కటే ఉండాలి, అది జరిగిందో లేదో ఎవరైనా వెళ్ళి చూసి చెప్పగలగాలి. రాయడం రానివాళ్ళు వేలిముద్ర వేస్తే పక్కన చదివి వినిపించినవాళ్ళ పేరు, సంతకం ఉండాలి.

కౌంటరు దగ్గర

రెండు ప్రతులు తీసుకెళ్ళండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, పొట్టి సంతకం, డైరీ నంబరు వేయించుకోవాలి. ఇది లేకుండా ఇచ్చిన అర్జీ ఇవ్వనట్టే. నాలుగు ఒడియా మాటలు నోట్లో ఉంచుకోండి. "మోర గోటియె అభిజోగ అఛి" అంటే నాదొక ఫిర్యాదు ఉందని. "రసిద దిఅంతు" అంటే రసీదు ఇవ్వండని. "కెబె హెబ?" ఎప్పుడవుతుందని. "లేఖి దిఅంతు" రాసివ్వండని. "తీసుకోం" అన్నవాళ్ళతో ఈ చివరి మాట మర్యాదగా అనండి. తీసుకోనని రాసివ్వడం కంటే తీసుకోవడమే సుఖమనిపిస్తుంది ఎవరికైనా. అప్పటికీ కాదంటే పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచండి, అందిన రోజు ట్రాకింగులో చూసి ఆ తెర ఫొటో కూడా ఉంచండి.

కింది ఆఫీసులో కదలకపోతే సోమవారం ఫిర్యాదులు వినే గ్రీవెన్సు ఉంది. కలెక్టరు, ఎస్పీ కలిసి కూర్చుంటారు, కొన్నిసార్లు బ్లాకుల్లో కూడా పెడతారు. ఈ వారం ఎక్కడో బ్లాకు ఆఫీసులో ముందే కనుక్కోకపోతే ఉత్తి ప్రయాణం అవుతుంది. అక్కడ మీకు దొరికేది ఒక నిమిషం. మొదటి వాక్యంలోనే కావలసింది చెప్పండి, కింది ఆఫీసు ముద్ర ఉన్న ప్రతి పైన పెట్టండి. అది లేకుండా వెళ్తే అర్జీని మళ్ళీ ఆ కింది ఆఫీసుకే పంపుతారు. రిజిస్ట్రేషను నంబరు తీసుకుని "జన శుణాణి" పోర్టల్లో ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు, ఇంటి నుంచే పోర్టల్లో నేరుగా కూడా పెట్టవచ్చు.

ఊళ్ళో సంగతులకు, ఊరివాళ్ళంతా కూడే పల్లిసభ మంచి చోటు. ఫిబ్రవరిలో జరుగుతుంది. మాట్లాడి వచ్చేయడం కాదు, మీరన్నది మినిట్స్ పుస్తకంలో రాసేదాకా కూర్చోండి, రాసింది చదివించండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. ఖాళీ పేజీ మీద హాజరు సంతకం అడిగితే పెట్టొద్దు. పైన ఏం రాస్తారో మనకు తెలియదు.

బళ్ళో తెలుగు చెప్పేవాళ్ళు లేకపోయినా, తెలుగు పుస్తకాలు రాకపోయినా అంతే. ఏ తరగతిలో తెలుగు పిల్లలు ఎంతమందో పేర్లతో పట్టిక వేయండి, తల్లిదండ్రుల సంతకాలతో బడి యాజమాన్య కమిటీలో తీర్మానం చేయించి బ్లాకు విద్యాధికారికి ఇవ్వండి. ప్రాథమిక స్థాయిలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధించే వసతులు కల్పించడం 350ఎ అధికరణం రాష్ట్రాల మీద పెట్టిన బాధ్యత. పేర్ల పట్టిక లేకపోతే "పిల్లలేరీ?" అన్న ఒక్క ప్రశ్నతో తిప్పి పంపేస్తారు.

ముప్పై రోజులైనా ఉలుకూ పలుకూ లేకపోతే

సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఇక్కడొక తేడా ఉంది. అర్జీ తెలుగులో ఇవ్వచ్చు గానీ, సమాచార హక్కు చట్టం ఇంగ్లీషు, హిందీ, ఆ ప్రాంతపు అధికార భాష ఈ మూడే చెప్పింది. ఒడిశాలో కాబట్టి ఒడియాలో వేయండి. ఫారం-ఎ నింపి, గుర్తింపు కార్డు నకలు జతచేసి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి. దారిద్ర్యరేఖకు దిగువ కార్డుంటే ఫీజు లేదు. రాయలేనివాళ్ళకు రాయడంలో సాయపడటం సమాచార అధికారి బాధ్యతేనని చట్టంలో ఉంది. తప్పు ఆఫీసులో ఇచ్చినా ఐదు రోజుల్లో సరైన ఆఫీసుకు వాళ్ళే పంపాలి.

"ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు రాదు. ఈ చట్టం ఇప్పించేది కాగితాలను, సంజాయిషీలను కాదు. ఇలా అడగండి: నా అర్జీ, డైరీ నం. ఫలానా, ఏ తేదీన ఎవరి దగ్గరకు వెళ్ళింది, ఎవరి దగ్గర ఎన్ని రోజులుంది, దాని మీద రాసిన నోట్ల నకళ్ళు ఇవ్వండి. చాలాసార్లు ఈ జవాబు రాసే బాధ తప్పించుకోవడానికే దీపం వెలుగుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా చాలకపోతే, మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి, 20 రూపాయల స్టాంపు. ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషనుకు రెండోది, 25 రూపాయలు. గడువు తేదీలు క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి. ఎక్కువ దరఖాస్తులు చచ్చిపోయేది అప్పీలు మరిచిపోవడం వల్లే.

గీతకు అటూ ఇటూ

పర్లాకిమిడిలో ఉంటూ పాతపట్నంలో మిక్సీ కొంటాం, బరంపురంలో ఉంటూ ఇచ్ఛాపురంలో బట్టలు తీస్తాం. సరుకు పాడైతే "మీది ఒడిశా, మాకు సంబంధం లేదు" అన్న మాట వినొద్దు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. రెండేళ్ళ లోపు వేయాలి. కొన్న విలువ 5 లక్షల దాకా ఉంటే ఫీజు లేదు. దానికి ముందు 1915కి ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు. సగం గొడవలు అక్కడే తెమిలిపోతాయి. కానీ బిల్లు ఉండాలి. "బిల్లు లేకపోతే వంద తగ్గిస్తా" అన్నప్పుడు ఆ వందకు మీరు వదులుకునేది ఇదంతా.

దొంగతనమో మోసమో జరిగి పోలీసులు "అది ఆంధ్రా హద్దు, అక్కడికి పో" అంటే, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా సమాచారం తీసుకోవాలని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతోంది. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. తీసుకోనంటే అదే వివరం రాసి ఎస్పీకి పోస్టులో పంపండి. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కి ఫోను చేసినా సరే, జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళినా సరే, అర్జీ రాసిపెట్టడం దగ్గర్నుంచి సాయం చేస్తారు.

చివరిగా, పోర్టల్లో "పరిష్కరించాం" అని పడి అక్కడ పని జరగకపోవడం మామూలే. కోపం తెచ్చుకుని కొత్త ఫిర్యాదు పెడితే పాతది చల్లగా మూసుకుపోతుంది, లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. పాత నంబరు మీదే, ఆ రోజు తీసిన ఫొటోతో "పని జరగలేదు" అని రాసి, ఆ ప్రతి తీసుకుని వచ్చే సోమవారం గ్రీవెన్సుకు వెళ్ళండి. ఇందుకోసం ఇంట్లో ఒక నోటుబుక్కు కేటాయించండి. తేదీ, ఎవరికి చెప్పాం, ఏమన్నారు, నంబరెంత, మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి, ఈ ఐదూ ఒక్కో వరుసలో రాయాలి. రసీదులన్నీ దాని వెనక అట్టకే పిన్ను కొట్టి ఉంచండి.